ఇద్దరికి వంట: వండినవాళ్లు కూడా వేడిగా తినేలా

మన ఇళ్లల్లో వండినవాళ్లు ఎప్పుడు తింటారో అందరికీ తెలుసు. అందరికీ వడ్డించి, "ఇంకొంచెం వేసుకో" అంటూ నాలుగుసార్లు తిరిగి, చివరికి గిన్నె అడుగున మిగిలింది పళ్లెంలోకి వంచుకుని, చల్లారిన అన్నం తింటారు. మా అమ్మ అలాగే తినేది, ఇప్పటికీ అలాగే తింటుంది. అందుకే ఇద్దరి కోసం ఇంట్లో ప్రత్యేకంగా రాత్రి భోజనం పెట్టుకోవాలనుకున్నప్పుడు, అది పెళ్లిరోజైనా, పుట్టినరోజైనా, ఏ విశేషమూ లేని మామూలు శుక్రవారమైనా, నేను పెట్టుకునే షరతు ఒక్కటే. ఇద్దరూ ఒకేసారి కూర్చోవాలి. మధ్యలో ఎవరూ లేవకూడదు. ఏం వండాలి, ఎప్పుడు కొనాలి, ఎన్నింటికి పొయ్యి వెలిగించాలి అన్నవన్నీ ఆ షరతును బట్టే తేలతాయి.

మా మొదటి పెళ్లిరోజుకి నేను దమ్ బిర్యానీ, మిర్చీ కా సాలన్, చికెన్ ఫ్రై, డబుల్ కా మీఠా అన్నీ ఒకే సాయంత్రం పెట్టుకున్నాను. రాత్రి పది దాటింది, మా ఆవిడ టేబుల్ దగ్గర ఒక్కతే తింటోంది, నేను వంటింట్లో నేతిలో బ్రెడ్ ముక్కలు వేయిస్తున్నాను. "నువ్వు కూడా రా, చల్లారిపోతోంది" అని మూడుసార్లు పిలిచింది. నేను వెళ్లేసరికి తన ప్లేటు ఖాళీ అయిపోయింది. వంట బాగానే కుదిరింది, కానీ మేం కలిసి తిన్నది ఏమీ లేదు. తర్వాతి ఏడాది నుంచి పద్ధతి మార్చేశాను, ఇక్కడ రాస్తున్నది ఆ పద్ధతే.

లెక్క చివర్నుంచి వేయండి

ఎనిమిదిన్నరకి తినాలనుకుంటే, ఎనిమిదిన్నర దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. ఆ ముందు నలభై నిమిషాల్లో పొయ్యి మీద కొత్తగా వండేది ఒక్కటే ఉండాలి. మిగతావి ముందే అయిపోయి, వేడి చేస్తే చాలు అన్నట్టుండాలి. కాబట్టి వంటకాల్ని ఎంచుకునేటప్పుడు "ఇది బాగుంటుందా" అని కాదు, "ఇది నిలవ ఉంటే బాగుపడుతుందా, పాడవుతుందా" అని అడగండి. పులుపు, నువ్వులు, పల్లీలు పడిన కూరలు మర్నాటికి ఇంకా రుచిగా అవుతాయి. చల్లగా తినే మిఠాయి ముందు రోజే చేసుకోవచ్చు. బజ్జీలు, అప్పడాలు, వేపుళ్లు మాత్రం నూనెలోంచి తీసిన పది నిమిషాలకే మెత్తబడతాయి, పైగా మిమ్మల్ని పొయ్యి దగ్గర నిలబెట్టేస్తాయి, ఆ రోజుకి అవి వద్దు.

హైదరాబాద్‌లో ఉంటూ ప్రత్యేకమైన భోజనం అనగానే చెయ్యి బిర్యానీ వైపు పోతుంది, అది నాకూ తెలుసు, కానీ ఇద్దరికి వండే రాత్రి బిర్యానీ పెట్టుకోవద్దనే నా సలహా. మన కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం అడుగున ఉంటుంది, ముప్పావు వంతు ఉడికిన బియ్యం పైన ఉంటుంది, మూతకి పిండి పెట్టి మూసేశాక రెండూ ఒకే క్షణానికి ఉడకాలి, మధ్యలో మూత తీసి చూసే వీలు లేదు. పెద్ద హండీలో రెండు మూడు కిలోలు వేస్తే ఆవిరి నిండుగా ఉంటుంది, కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. అరకిలో మాంసం పలచని గిన్నెలో పరిస్తే అడుగు మాడుతుంది, పైన అన్నం ఎండిపోతుంది. బాగా చెయ్యి తిరిగినవాళ్లు చేయగలరు, కాదనను. కానీ ఆ సాయంత్రమంతా మనసు ఆ మూత మీదే ఉంటుంది.

దాని బదులు బగారా అన్నం చేయండి. బగార్ అంటే పోపు. మసాలా దినుసులు పోపేసి, అందులోనే ఎసరు పెట్టి, అందులోనే బియ్యం ఉడికించడం, అంతే. తెలంగాణలో పెళ్లి అయినా, దావత్ అయినా కోడి కూర పక్కన ఉండేది ఇదే, అరగంటలో అయిపోతుంది, తప్పు జరిగే చోట్లు తక్కువ. నా మెనూ ఇది: బగారా అన్నం, కోడి కూర, బగారా బైంగన్ అనే వంకాయ కూర, పెరుగు చట్నీ, చివర్లో ఖుబానీ కా మీఠా, అంటే ఎండు ఆప్రికాట్ పండ్లతో చేసే మిఠాయి. ఐదు అంటే ఎక్కువనిపిస్తుంది కానీ, ఆ రాత్రి వండేది అన్నం ఒక్కటే.

ముందు అడగండి

సర్‌ప్రైజ్ ఇవ్వాలని ఉంటే పూలతో ఇవ్వండి, పాటలతో ఇవ్వండి, తిండి విషయంలో మాత్రం నేరుగా అడగడమే మంచిది. ఆ రోజు శనివారమో సోమవారమో అయితే చాలామంది ముక్క ముట్టరు. శ్రావణం, కార్తీకం వస్తే కొన్ని ఇళ్లల్లో నెలంతా వండరు. పల్లీలు పడనివాళ్లు ఉంటారు, అలాంటివాళ్లకి బగారా బైంగన్ పెట్టకూడదు, ఎందుకంటే ఆ కూరకి పల్లీయే ప్రాణం. మాంసం లేని రోజైతే కోడి కూర తీసేసి శనగపప్పు, సొరకాయ ముక్కలతో దాల్చా చేయండి, బగారా అన్నంలోకి అది ఏ మాత్రం తక్కువ కాదు.

కొనడం

ఒక్క రోజులో అన్నీ కొనాలని పెట్టుకుంటే ట్రాఫిక్‌లోనే ఓపిక అయిపోతుంది. ఖుబానీ, షాజీరా, గసగసాలు, ఎండుకొబ్బరి లాంటివి వారం ముందే తెచ్చుకోండి. బేగంబజార్ డ్రైఫ్రూట్ దుకాణాల్లో ఖుబానీ రకరకాలుగా ఉంటుంది, గింజ ఉన్నది, గోధుమ రంగులో ముడతలు పడి గట్టిగా ఉన్నది అడగండి. నారింజ రంగులో మెత్తగా, గింజ తీసేసి అమ్మేది వేరు, రంగు పోకుండా దానికి గంధకపు పొగ పట్టిస్తారు, మీఠాలో అది మన రుచి ఇవ్వదు. ఇద్దరికి నూట యాభై గ్రాములు చాలు, మర్నాడు పొద్దున్నకి కూడా కొంచెం మిగులుతుంది.

కూరగాయలు ముందు రోజు సాయంత్రం. మేం తార్నాక వైపు ఉంటాం కాబట్టి సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి వెళ్తాను, మీకు మెహిదీపట్నం, ఎర్రగడ్డ దగ్గరైతే అక్కడి రైతు బజార్లు ఉన్నాయి. 1999లో రైతులు నేరుగా అమ్ముకోవడానికని మొదలైన ఈ బజార్లలో ఆకుకూరలు, పుదీనా, కొత్తిమీర తాజాగా దొరుకుతాయి. వంకాయలు చిన్నవి, గుండ్రటివి, ఊదారంగువి, తొడిమ పచ్చగా ఉన్నవి ఏరుకోండి. తొడిమ ఎండిపోయి గోధుమ రంగుకి వస్తే కాయ కోసి చాలా రోజులైనట్టు. కోడి మాత్రం ఆ రోజు పొద్దున్నే తేవాలి, స్కిన్‌లెస్, ఎముకతో, మీడియం ముక్కలు కొట్టమనండి. అరకిలో సరిపోతుంది. నాటుకోడి రుచి వేరే, ఒప్పుకుంటాను, కానీ దానికి ఉడికే టైమ్ కోడిని బట్టి మారుతుంది, మొదటిసారి దాని జోలికి పోకండి.

ఇంకొకటి, గ్యాస్ సిలిండర్ చూసుకోండి. ఒకసారి ఎసరు కాగుతుండగా మాకు గ్యాస్ అయిపోయింది, పక్కింటి అక్క సిలిండర్ ఇచ్చింది కాబట్టి గడిచింది.

ముందు రోజు

పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు ఖుబానీని కడిగి, మునిగి పైన ఒక అంగుళం ఉండేలా నీళ్లు పోసి వదిలేయండి. రాత్రికి అవి ఉబ్బి, వేలితో నొక్కితే చీలేలా అవుతాయి. గింజలు తీసి పక్కన పెట్టి, నానిన నీళ్లు పారబోయకుండా అందులోనే సన్నటి మంట మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉడికించండి. మెత్తబడ్డాకే చక్కెర వేయాలి, ముందే వేస్తే పండు గట్టిగా ఉండిపోతుంది. రెండు మూడు పెద్ద చెంచాలు వేసి రుచి చూడండి, కొన్ని ఖుబానీలు పుల్లగా ఉంటాయి, కొన్ని వాటంతటవే తియ్యగా ఉంటాయి. గరిటెతో సగం మెదపండి, సగం ముక్కలుగానే ఉండనివ్వండి, మిక్సీలో వేస్తే జామ్ అయిపోతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి.

తీసిన గింజల్ని రోలులో మెల్లగా పగలగొడితే లోపల చిన్న బాదం లాంటి పప్పు ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ పప్పును మీఠా మీద అలంకరిస్తారు, ఆ చిన్న కరకర నాకు చాలా ఇష్టం. కానీ ముందు ఒకటి చిన్నగా కొరికి చూడండి. తియ్యగా ఉంటేనే వాడండి, చేదుగా ఉంటే అన్నీ పారేసి మామూలు బాదం వేసుకోండి, చేదు పప్పులో ఒంటికి హాని చేసే పదార్థం ఉంటుంది.

ఖుబానీ ఉడుకుతుండగా పక్క పొయ్యి మీద బగారా బైంగన్. రెండు పెద్ద చెంచాల పల్లీలు, ఒక చెంచా నువ్వులు, ఒక చెంచా ఎండుకొబ్బరి తురుము, మూడింటినీ విడివిడిగా సన్న మంట మీద వేయించాలి. కలిపి వేయిస్తే పల్లీ వేగేలోపు నువ్వులు మాడి కూరంతా చేదెక్కుతుంది. ఒక ఉల్లిపాయ ముక్కలు కూడా కొంచెం నూనెలో ఎర్రగా వేయించి అన్నీ కలిపి నూరండి. ఇద్దరికి వండేటప్పుడు ఇక్కడే ఇబ్బంది వస్తుంది, ఇంత కొంచెం పెద్ద మిక్సీ జార్‌లో వేస్తే గోడలకి అంటుకుపోతుంది, నలగదు. చిన్న చట్నీ జార్ వాడండి, రోలు ఉంటే ఇంకా మంచిది.

వంకాయలు ఎనిమిది తీసుకోండి, తొడిమ ఉంచి నాలుగు పక్షాలుగా చీల్చి ఉప్పు నీళ్లలో వేయండి, నల్లబడవు. తడి తుడిచి నూనెలో పైతోలు ముడతపడేదాకా వేయించి తీసేయండి. అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, నాలుగు మెంతిగింజలు, కరివేపాకు వేసి పోపు వేగాక, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, నూరిన ముద్ద వేసి, నూనె అంచుల్లో తేలేదాకా ఓపిగ్గా వేయించండి. ఈ ఓపికే కూరని నిలబెడుతుంది, తొందరపడితే పచ్చి పల్లీ వాసన వస్తుంది. తర్వాత చిన్న నిమ్మకాయంత చింతపండు రసం, ఒక గ్లాసు నీళ్లు, ఉప్పు, వంకాయలు వేసి మూతపెట్టి పది పన్నెండు నిమిషాలు. ఉప్పు ముందు సగమే వేయండి, కొద్దిపాటి కూరలో నీళ్లు త్వరగా ఇగిరి ఉప్పు ఎక్కువైపోతుంది. తెల్లారేసరికి గుజ్జు గట్టిపడుతుంది, వేడి చేసేటప్పుడు కాసిన్ని వేణ్నీళ్లు పోస్తే సరి.

ఆ రోజు

పొద్దున కోడి ముక్కలు కడిగి ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, రెండు చెంచాల గట్టి పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోవచ్చు. సాయంత్రం మాత్రం గంట ముందు బయల్దేరండి, ఆ ఒక్క గంట అడిగి తీసుకోండి, అది లేకపోతే టెన్షన్ మొదలవుతుంది.

ఇంటికి రాగానే కోడి కూర. రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి, రెండు చీల్చిన పచ్చిమిర్చితో నూనెలో బాగా ఎర్రబడనిచ్చి, ముక్కలు వేసి పెద్ద మంట మీద ఐదు నిమిషాలు తిప్పి, మంట తగ్గించి మూతపెట్టండి. కోడి దాని నీళ్లు అదే వదులుతుంది, తొందరపడి నీళ్లు పోయకండి. ఆ నీళ్లు సగం ఇగిరాక ధనియాల పొడి, ఒక చెంచా గసగసాలు, రెండు చెంచాల ఎండుకొబ్బరి కలిపి నూరిన ముద్ద, అర గ్లాసు వేణ్నీళ్లు వేసి ఇంకో పదిహేను నిమిషాలు ఉడికించి, గరం మసాలా, కొత్తిమీర వేసి దింపేయండి. మొత్తం ముప్పై, ముప్పై ఐదు నిమిషాలు. అన్నంలోకి కలుపుకునే కూర కాబట్టి మరీ దగ్గరగా కాకుండా కాస్త జారుగా ఉంచండి. ఇది పక్కన ఉన్నంతసేపూ ముక్కకి ఉప్పూ కారం పడుతుంది.

అప్పుడే బియ్యం నానబెట్టండి, ఒకటింబావు గ్లాసు బాస్మతి, అరగంట. పెరుగు చిలికి ఉల్లిపాయ, కీరా, ఉప్పు కలిపి చట్నీ చేసి ఫ్రిజ్‌లో పెట్టండి, పచ్చిమిర్చి మాత్రం తినేముందు వేయండి. వాడిన గిన్నెలు అప్పటికప్పుడు కడిగేయండి. సింకు నిండా గిన్నెలు కనపడుతుంటే తింటున్నా సగం మనసు అక్కడే ఉంటుంది.

తర్వాత స్నానం చేయండి. నిజంగా చెప్తున్నాను, ఇది వంటలో భాగమే. చెమటతో, ఉల్లిపాయ వాసనతో కూర్చుంటే మీకే హాయిగా ఉండదు.

మా ఆవిడ ఆఫీసు రాయదుర్గంలో, బ్లూ లైన్ మెట్రోలో నేరుగా తార్నాకలో దిగుతుంది. "అమీర్‌పేట్ దాటాక మెసేజ్ పెట్టు" అని చెప్తాను. ఆ మెసేజ్ చూశాక కంగారు లేకుండా గిన్నె తీస్తాను, తను వచ్చి కాళ్లు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని కూర్చునేసరికి అన్నం దించి పది నిమిషాలు అయి ఉంటుంది. మీవాళ్లు బండి మీదో కారులోనో వస్తుంటే ట్రాఫిక్‌ని నమ్మకండి, వాళ్లు ఇంటి తలుపు దాటాకే పొయ్యి వెలిగించండి, అరగంట కబుర్లు చెప్పుకుంటే నష్టమేమీ లేదు.

మందపాటి గిన్నెలో రెండు చెంచాల నూనె, ఒక చెంచా నెయ్యి, అందులో బిర్యానీ ఆకు, షాజీరా, మూడు లవంగాలు, రెండు ఇలాచీలు, చిన్న దాల్చిన చెక్క. ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, పుదీనా వేసి వేగాక ఎసరు. నానిన బాస్మతికి గ్లాసుకి గ్లాసున్నర నీళ్లు, సోనా మసూరి అయితే రెండు. ఉప్పు వేసి ఎసరు నాలుక మీద పెట్టుకుని చూడండి, మామూలుగా తినేదానికంటే ఒక పిసరు ఎక్కువ ఉప్పగా ఉంటే అన్నానికి సరిపోతుంది. మరిగాక బియ్యం వేసి, నీళ్లు బియ్యం మట్టానికి దిగేదాకా పెద్ద మంట, ఆ తర్వాత మూతపెట్టి బాగా సన్న మంట మీద ఎనిమిది పది నిమిషాలు. ఆపేశాక పది నిమిషాలు మూత తీయకండి, గరిటె పెట్టకండి. ఆ పది నిమిషాల్లో రెండు కూరలూ వేడి చేసుకోవచ్చు.

గిన్నె సైజు గురించి ఒక మాట, ఎందుకంటే చాలామందికి ఇక్కడే పాడవుతుంది. ఆరుగురికి వండే వెడల్పాటి గిన్నెలో ఇద్దరి అన్నం పెడితే బియ్యం ఉడకక ముందే నీళ్లు ఆవిరైపోతాయి. బియ్యం వేశాక గిన్నె కనీసం మూడో వంతు నిండేంత చిన్నది తీసుకోండి.

కూర్చోవడం

టేబుల్ ఉంటే టేబుల్, లేకపోతే చాప. ట్యూబ్‌లైట్ ఆపి ఏదైనా చిన్న దీపం పెట్టండి. పూలకి గుడిమల్కాపూర్ దాకా వెళ్లగలిగితే వెళ్లండి, లేదా వీధి చివర అమ్మే ఆమె దగ్గర రెండు మూరల మల్లెలు తీసుకుంటే గదంతా సరిపోతుంది, ఎండాకాలం కాకపోతే చామంతులు. నేను అరిటాకుల్లో వడ్డిస్తాను, ఆకుని కడిగి మంట మీద ఒక్కసారి అటూ ఇటూ చూపిస్తే మెత్తబడి చినగదు. ఫోన్లు రెండూ వేరే గదిలో.

అన్నిటికంటే ముఖ్యం, అన్నీ తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చోండి. నీళ్ల చెంబు, ఉప్పు, నెయ్యి గిన్నె, నిమ్మ ముక్కలు, ఉల్లిపాయ చక్రాలు, కూర గిన్నెలకి గరిటెలు, చెయ్యి తుడుచుకునే గుడ్డ. కూర్చునే ముందు ఒక్కసారి ఆ పీట మీద నుంచి చూసి "ఏదైనా అడిగితే లేవాలా" అని సరిచూసుకుంటాను. వడ్డించడం కూడా ఒకరి పని కాదు, నేను తనకి వడ్డిస్తాను, తను నాకు వడ్డిస్తుంది. పోయినేడాది మా అమ్మ ఒక్కతే మా ఇంటికి వచ్చినప్పుడు, మా ఆవిడ ఊళ్లో లేదు, ఇదే మెనూ ఇద్దరికీ చేశాను. కూర్చున్నాక కూడా అమ్మ రెండుసార్లు లేవబోయింది, "ఏం తేవాలమ్మా, అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా" అంటే చుట్టూ చూసి మళ్లీ కూర్చుంది. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా అమ్మ నా ఎదురుగా కూర్చుని తినడం నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు.

మీఠాని వెంటనే తేవద్దు. అరగంట ఆగి, చిన్న గిన్నెల్లో ఖుబానీ వేసి, పైన చల్లటి మీగడ రెండు చెంచాలు, ఆ పప్పులు. మీగడ లేకపోతే వెనీలా ఐస్‌క్రీం.

గిన్నెల్లో నీళ్లు పోసి వదిలేయండి, పొద్దున ఇద్దరూ కలిసి కడుక్కోవచ్చు. మిగిలిన అన్నం, కూరలు మాత్రం చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి పడుకోండి. బగారా బైంగన్ మూడో రోజుకి జొన్నరొట్టెలోకి ఇంకా బాగుంటుంది, ఇద్దరికి ఆరు వంకాయలు చాలినా నేను ఎనిమిది వేసేది అందుకే.